మా అయ్యగారి స్వపరిపాలన

మా అక్క మొగుడు పాస్టరు. చర్చిలో అందరూ ఆయన్ని అయ్యగారూ అనేవారు, నేను బావా అనేవాణ్ణి. కొండ మీద జాతాపు గిరిజన కుటుంబంలో పుట్టి, చిన్నప్పుడే మిషన్ హాస్టల్లో చేరి, బైబిలు కాలేజీలో చదివి, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో సాలూరులో దిగిన మనిషి. మేం నెల్లిమర్ల నుంచి వచ్చినవాళ్ళం. జనపనార మిల్లులో పని మానేశాక మా నాన్న సాలూరు చేరి లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడు. పెళ్ళి మాటలప్పుడు బంధువుల్లో ఒకాయన కులం సంగతి ఎత్తితే, "నాను కులం సూడను, దేవుడి వాక్యం సూస్తాను" అన్నాడు మా నాన్న. వాక్యం ఎంత బాగుందో చూశాడు గానీ, ఎంత పొడుగుందో చూసుకోలేదు.

మా బావ ప్రసంగం మొదలుపెడితే ఆపడం ఆయన చేతుల్లో కూడా ఉండేది కాదు. "చివరిగా ఒక్క మాట" అన్నాడంటే సగం అయిందని అర్థం. ఆ మాట వినగానే వెనక వరసలోని ఆడవాళ్ళు పక్కింటివాళ్ళకు ఫోన్ చేసి, పిల్లలకు అన్నం పెట్టెయ్యమని చెప్పేవారు. మామూలుగా మాట్లాడేటప్పుడు ఆయనదీ మా భాషే. పుల్పిట్ ఎక్కితే మాత్రం "ఏలయనగా", "గనుక", "చేయుదురు గాక" అంటూ గ్రంథం తెలుగులోకి వెళ్ళిపోయేవాడు. ఓ ఆదివారం గుడి బయట ఎవరి స్కూటరో అడ్డంగా ఉంటే, "ఈ వాహనము ఎవరిదైయున్నది?" అని అడిగాడు. స్కూటరు తీయాల్సినవాడు ఆమేన్ అన్నాడు.

నేను లారీలకు పేర్లూ బొమ్మలూ వేసే పెయింటర్ని. డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివాను, ఆ చదువు లారీ వెనకాల "హారన్ కొట్టుము" అని తప్పుల్లేకుండా రాయడానికి పనికొచ్చింది. మా అక్క గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో నెల తిరిగేసరికి జీతం వచ్చేది ఆమెకే కాబట్టి, ఇంట్లో ప్రసంగాలు చేసేదీ ఆమే.

మా బావ రాజకీయాల్లోకి రావడానికి కారణం సమాధులు. మా చర్చికి ఊరి చివర శ్మశానం ఉండేది. రోడ్డు పక్క జాగా కావడంతో సంఘ పెద్దలకు దాని మీద దైవప్రేరణ కలిగింది. ప్రహరీ కొట్టేసి, పాత సమాధుల మీదుగా వరసగా షాపులు కట్టించారు. సెల్ రీచార్జి, చెప్పుల దుకాణం, ఫ్యాన్సీ. ఆ షాపుల ప్రారంభానికి ప్రార్థన చెయ్యమని బావని పిలిచారు. బావ ప్రార్థన చెయ్యలేదు, తర్వాతి ఆదివారం ప్రసంగం చేశాడు.

"కడవరి బూర మ్రోగునప్పుడు మృతులు లేచెదరని వ్రాయబడియున్నది. మన పెద్దలు లేచి ఎక్కడికి వచ్చెదరు? సెల్ రీచార్జి కౌంటరు లోనికి వచ్చెదరు. ప్రభువు నా బిడ్డలెక్కడని అడిగినప్పుడు, లోపల చెప్పులు చూచుకొనుచున్నారని చెప్పవలెనా?"

జనం నవ్వారు. ఆ చర్చిలో ఆయన ప్రసంగానికి జనం నవ్వడం అదే మొదలు. ముందు వరసలో కూర్చున్న పెద్దలు మాత్రం నవ్వలేదు. వాళ్ళలో పెద్దాయనకు లారీలున్నాయి, పార్టీలో పదవి ఉంది, ఆ షాపుల్లో ఒకటి అల్లుడి పేరు మీద ఉంది. కొద్ది రోజుల్లోనే కమిటీ కూర్చుని, కొండ ప్రాంతంలో సువార్త భారం ఎక్కువగా ఉందనీ, ఆ భారం మొయ్యడానికి మా బావే తగినవాడనీ తీర్మానించింది. మా భాషలో దాన్ని ట్రాన్స్‌ఫర్ అంటాం. చర్చి భాషలో పిలుపు అంటారు. వీడ్కోలు సభలో పెద్దాయన మా బావ మెడలో శాలువా వేసి కళ్ళు తుడుచుకున్నాడు. అవి ఆనందబాష్పాలని అందరికీ తెలుసు.

"మీ బావని మీ బావ ఊరే పంపించీసినారు. దీన్ని కూడా శిక్ష అంటారేటి?" అంది అక్క.

బావకు మాత్రం అది శిక్షే. కొండ దిగి వచ్చి, కొండ భాష మరిచిపోవడానికి అంత కష్టపడ్డ మనిషి, మళ్ళీ పుట్టిన ఊరికే పాస్టరుగా వెళ్ళాల్సి వచ్చింది. అక్క ఉద్యోగం కోసం సాలూరులోనే ఉండిపోయింది. ఆయన సంత రోజున దిగొచ్చి, బట్టలు ఉతికించుకుని, రెండు రోజులు అక్కచేత తిట్లు తిని వెళ్ళేవాడు.

కొండ మీద సగం ఊరు క్రైస్తవులు, సగం ఊరు వాళ్ళ అమ్మవారిని కొలిచేవాళ్ళు. ఒకే కుటుంబంలో అన్నది ఒక నమ్మకం, తమ్ముడిది ఇంకొకటి. ఎవరికీ ఎవరితోనూ పేచీ లేదు. వాళ్ళకు పేచీ ఉన్నది మా బావ ప్రసంగంతోనే. మొదటి ఆదివారమే చింతపండు అమ్మే ఒకావిడ మధ్యలో లేచి నిలబడింది. మంచి గొంతు, సంతలో బేరానికి ఎదురు నిలిచేవాడు లేడు.

"అయ్యగారూ, కత సెప్పీండి, యింటాం. తిట్టకండి. కొండ దిగి సంతకెల్తే తిట్టీవోలు సాలామందున్నారు."

బావ ఆమెను ఎప్పటికీ క్షమించలేదు. ఆమె కూడా ఆయన క్షమాపణ కోసం ఎదురుచూడలేదు.

ఇలా ఉండగా ఒక క్వారీ కంపెనీ కన్ను ఆ ఊరి వెనకున్న నల్లరాతి కొండ మీద పడింది. ఏజెన్సీ ఊళ్ళలో గ్రామసభ ఒప్పుకోకుండా కొండ తవ్వకూడదు. కాబట్టి గ్రామసభని ఒప్పించడానికి అధికారులు జీపుల్లో వచ్చారు. ఆ రోజు సాలూరులో లారీలు లోడింగుకు వెళ్ళి నాకు పని లేక, బావకి అక్క పంపిన పచ్చళ్ళు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. బడి వరండాలో బల్లలు వేశారు. వచ్చినవాళ్ళందరికీ పులిహోర పొట్లాలు పంచారు. అధికారులు తెచ్చిన మైకు పని చెయ్యలేదు. అప్పుడు ఎవరో, చర్చిలో మైకుందని చెప్పారు. మైకుతో పాటు దాని మనిషి కూడా వస్తాడని వాళ్ళకు తెలీదు.

పెద్ద అధికారి ఒక కాగితం చదివాడు. అందులో ఉన్నది తెలుగే. "ప్రతిపాదిత విస్తీర్ణమునందు ఖనిజ వెలికితీత నిమిత్తము" అని మొదలై అలాగే పోయింది. జనం పులిహోర తింటూ విన్నారు. చదవడం అయ్యాక, "అందరికీ సమ్మతమే కదా?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అని ఆయన పక్కనున్న ఉద్యోగి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఇక వందన సమర్పణ చెయ్యమని మైకు బావకిచ్చారు.

ఆ మైకు మళ్ళీ వాళ్ళ చేతికి రాలేదు.

మొదట అధికారులకు వందనాలు చెప్పాడు. తర్వాత పులిహోరకు చెప్పాడు. ఆ తర్వాత, "ఏలయనగా" అన్నాడు. ఆ మాట వస్తే ఏం జరుగుతుందో నాకూ ఊరివాళ్ళకూ తెలుసు, అధికారులకు తెలీదు. బావ ఆదికాండం దగ్గర మొదలుపెట్టాడు. దేవుడు మూడో దినమున ఆరిన నేలను కలుగజేసినప్పుడు ఈ కొండ ఎలా పుట్టిందో చెప్పాడు. వాళ్ళ తాత ఆ కొండ మీద కందులు ఎలా వేశాడో చెప్పాడు. పెద్ద అధికారి గడియారం చూసుకున్నాడు. "చివరిగా ఒక్క మాట" అన్నాడు బావ. అధికారి ముఖం వెలిగింది. పాపం, ఆయన మా చర్చి కాదు.

ఎండ బడి వరండా దాటి, బల్లలు దాటి, జీపుల మీదుగా కొండ అవతలికి పోయింది. ఘాట్ రోడ్డులో మంచు దిగితే జీపు తోలలేమని డ్రైవరు వచ్చి చెప్పాడు. ఇంకో డ్రైవరు వచ్చి చెప్పాడు. చివరికి అధికారులు లేచి, మరో రోజు పెట్టుకుందామని జీపులెక్కారు. జీపులు మలుపు తిరుగుతున్నా బావ మైకులో నిర్గమకాండంలోనే ఉన్నాడు. మా జిల్లాలో ఒక కొండని ఆ రోజుకు కాపాడింది ఉద్యమమూ కాదు, చట్టమూ కాదు, మా బావకి ఆపడం రాకపోవడం.

జనం ఆయన్ని ఎత్తుకుని ఊరేగించారు. ఆయన చొక్కా నలిగింది. దాని గురించి ఏమీ అనకపోవడం చూసి నేను ఆశ్చర్యపోయాను.

"బావా, కావాలనే సేసినావేటి?" అని అడిగాను.

"నానేటి సేసినానురా? ముగింపు దొరకలేదు, అంతే" అన్నాడు. ఆయన నోట నిజం అంత పొట్టిగా రావడం నేను అప్పుడే విన్నాను.

సంగతి విని విజయనగరం నుంచి ఒక ప్లీడరు వచ్చి, ఏజెన్సీ ఊళ్ళ స్వపరిపాలన గురించిన చట్టం చిన్న పుస్తకంగా ఉన్నది బావకిచ్చి వెళ్ళాడు. పెసా చట్టం అంటారు దాన్ని. బావ దాన్ని మిగతావాళ్ళు చదివినట్టు చదవలేదు. వాక్యం చదివినట్టు చదివాడు. అధ్యాయాలుగా విడగొట్టి, వచనాలకు అంకెలు వేసి, ఆదివారం బడిలో పిల్లలకు కంఠతా పెట్టించాడు. నేను వెళ్ళిన ఓ ఆదివారం చర్చి గుడిసె లోంచి చిన్నపిల్లలు రాగం తీసి చదువుతున్నారు, గ్రామసభ తన ప్రజల ఆచారాలనూ కట్టుబాట్లనూ కాపాడుకొనును, తన నేలనూ నీళ్ళనూ కాపాడుకొనును, ఆమేన్ అని. పిల్లల వెంట పెద్దలూ రావడం మొదలైంది. అమ్మవారిని కొలిచేవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. వాళ్ళ తరఫున చింతపండావిడే అడిగింది.

"అయ్యగారూ, ఈ సట్టం నేర్సుకుంటే మమ్మల్ని కూడా నీల్లలో ముంచేస్తారేటి?"

"ముంచను, లోపలికి రండి" అన్నాడు బావ.

"ఇంతకుముందొచ్చినోలు కూడా ముంచం అనే సెప్పినారు" అంది ఆమె. అయినా లోపలికొచ్చి, అందరికంటే ముందు కూర్చుని, అందరికంటే బాగా కంఠతా పట్టింది.

తర్వాత ఊరి మొదట్లో రాతి మీద ఆ చట్టం రాయాలని నన్ను పిలిపించాడు. బైకు మీద ఎనామెల్ డబ్బాలు కట్టుకుని వెళ్ళాను. రాయి మనిషంత ఉంది. బావ రాయమన్నది రాయాలంటే కొండంత కావాలి.

"ఇది పట్టదు బావా."

"అచ్చరాలు సిన్నవి సెయ్యి."

"సిన్నవి సేస్తే చీమలు సదువుతాయి, ఆఫీసర్లు సదవరు."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఎవరో ముసలాయన, "మా ఊరు. అడిగి రండి. అంతే రాయి బాబూ" అన్నాడు. బావ దానికి ముందో ఉపోద్ఘాతం కావాలన్నాడు. అందరూ చేతులెత్తి, వద్దన్నారు. స్వపరిపాలనలో మొదటి ఓటింగు అది. మా బావ ఓడిపోయాడు. నేను పెద్ద పెద్ద అక్షరాలతో ఆ నాలుగు మాటలూ రాసి, అలవాటు కొద్దీ కింద ఒక తామరపువ్వు వెయ్యబోతే అది ఓ పార్టీ గుర్తని చెరిపించారు.

విజయనగరంలో చర్చి పెద్దల కమిటీ ఈ సంగతి విని ఆయన్ని పిలిపించింది. నేను తోడు వెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు సందులోంచి అన్నీ వినబడ్డాయి. ఒకాయన, దేవుని సేవకునికి రాజకీయాలేమిటన్నాడు. ఆయన మున్సిపాలిటీలో కౌన్సిలరుగా చేసినవాడు. ఇంకొకాయన, కైసరువి కైసరుకు ఇవ్వాలన్నాడు. ఆయన కాంట్రాక్టరు. మా సాలూరు పెద్దాయన మాత్రం చాలా బాధగా, "నీ ఆత్మ గురించే మా దిగులు" అన్నాడు. పుల్పిట్టో గ్రామసభో తేల్చుకోమన్నారు. బావ ఎంతసేపు మాట్లాడతాడో అని నేను టీ తాగడానికి వెళ్ళబోయాను. ఆయన వెంటనే బయటికొచ్చేశాడు. మైకు సెట్టూ, చర్చి ఇచ్చిన మోటారు సైకిలూ అక్కడే అప్పజెప్పేశాడు. మోటారు సైకిలు పోయినందుకు అంత బాధ పడలేదు గానీ, దారంతా మైకు గురించే మాట్లాడాడు.

మా అక్క వంటింట్లోంచి బయటికి రాకుండానే విషయం విని, "జీతమిచ్చీ దేవుణ్ణొదిలీసి జీతం లేని సభని పట్టుకున్నాడు. మరి నానేటి సేస్తాను, జీతమిచ్చీ పెళ్ళాన్నొదల్లేదు, అదే సంతోషం" అంది. ఆ రాత్రి చేపల పులుసు పెట్టింది. అది ఆమె మద్దతు తెలిపే పద్ధతి.

చుట్టుపక్కల కొండ ఊళ్ళు కూడా ఒక్కొక్కటీ వచ్చి కలిశాయి. అన్నీ కలిసి ఒక పెద్ద సభగా ఏర్పడి బావని అధ్యక్షుణ్ణి చేశాయి. చర్చీ సంఘమే, ఇదీ సంఘమే, ఒకదాన్లో కానుక పట్టే సంచి ఉంటుంది, రెండోదాన్లో అదీ లేదు. సరిగ్గా అప్పుడే కింద రాష్ట్రం రెండు ముక్కలవుతోందని గొడవలు. బస్సుల్లేవు, షాపుల్లేవు, రోడ్ల మీద టైర్లు కాలుతున్నాయి. నా లారీలన్నీ ఆగిపోయాయి. బావ కొండ దిగి నడుచుకుంటూ సాలూరు వచ్చాడు. మెయిన్ రోడ్డులో ఒక టీవీ విలేఖరి ఆయన్ని పట్టుకుని, రాష్ట్రం కలిసి ఉండాలా, విడిపోవాలా, గిరిజనుల అభిప్రాయం చెప్పండి అన్నాడు.

"మమ్మల్నెప్పుడు కలుపుకున్నారో సెప్పండి. అప్పుడు విడిపోవాలో వద్దో సెప్తాం" అన్నాడు బావ.

ఆ ముక్క టీవీలో వచ్చింది. నా చిన్నప్పట్నుంచీ ఆయన చెప్పిన ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క ముక్క ఒక ఎత్తు. అందుకే అది ఆయన్ని చెడగొట్టింది కూడా.

టీవీలో చూసుకున్నాక మా బావ నడక మారింది. మెడలో కండువా వచ్చింది. ఎవరైనా నమస్కారం పెడితే తిరిగి పెట్టే ముందు కాసేపు ఆగేవాడు. సాలూరు బస్టాండు దగ్గర ఆయన ముఖంతో ఫ్లెక్సీ లేచింది, "గిరిజన ఆశాజ్యోతి" అని. ఆ ఫ్లెక్సీ ఎవరు పెట్టారో తెలీదన్నాడు. ఫోటో మాత్రం మా ఇంటి గోడ ముందు తీసిందే, వెనకాల మా అక్క చీర ఆరేసి ఉంది. కొండ మీద సభకు వెళితే అధ్యక్షుడి కుర్చీ మిగతా బల్లల కంటే ఎత్తుగా ఉండాలని ఇటుకలు పెట్టించాడు. పుల్పిట్ వదిలేశాడు గానీ ఆ ఎత్తుని వదల్లేకపోయాడు.

ఆయనలో పాస్టరు పూర్తిగా పోలేదు. సభ మొదట్లో ప్రార్థన ఉండాలన్నాడు. సారా మానాలన్నాడు, ఆడవాళ్ళు సంతోషించారు. జీలుగు కల్లు కూడా మానాలన్నాడు, ఎవరూ సంతోషించలేదు. ఆ తర్వాత కందికొత్తల పండగ వచ్చింది. కొత్తగా పండిన కందులు అమ్మవారికి పెట్టి, ఆడామగా డప్పుల మీద రాత్రీ పగలూ ఆడే పండగ. బావ ఇటుకల కుర్చీ మీద కూర్చుని, స్వపరిపాలన సాధించిన జాతికి తాగి గెంతడం తగదు కనుక ఈ ఏడు డప్పులు వద్దని చెప్పాడు.

అంతా గతుక్కుమన్నారు. చింతపండావిడ లేచింది. తల కొంగు సర్దుకుంది. పిల్లలు ఆదివారం బడిలో తీసే రాగంలోనే, గ్రామసభ తన ప్రజల ఆచారాలనూ కట్టుబాట్లనూ కాపాడుకొనును, అని మొదలుపెట్టింది. వెనకాల ఎవరో అందుకున్నారు. ఆ తర్వాత సభ సభంతా అందుకుంది. క్రైస్తవులూ పాడారు, అమ్మవారి వాళ్ళూ పాడారు. చివర ఆమేన్ దగ్గర కొచ్చేసరికి చిన్నపిల్లలు ఎంత గట్టిగా అన్నారంటే కొండ మారుమోగింది.

"నువ్వే నేర్పినావు కదేటి అయ్యగారూ?" అంది ఆవిడ.

బావ కుర్చీ దిగాడు. ఆయన చేత చట్టం చదివించిన ప్లీడరు ఆ రోజు అక్కడే ఉన్నాడు, నవ్వాపుకోలేక పక్కకి పోయాడు. డప్పులు మోగాయి. పండగలో నేనూ ఆడాను. బావ తలుపేసుకుని, మర్నాడు తల నొప్పని సాలూరు వచ్చేశాడు.

ఎలక్షన్లు దగ్గర పడ్డాయి. సాలూరు గిరిజనులకు రిజర్వు చేసిన సీటు. ఒక పార్టీ పెద్దమనిషి విశాఖ నుంచి రైల్లో ఆమదాలవలస వచ్చి, అక్కడ బంధువుల పెళ్ళి చూసుకుని, కార్ల వరసతో మా అక్క ఇంటికి వచ్చాడు. అక్క టీ పెట్టింది. ఆయన టీ తాగుతూ మా బావని "జాతి ఆణిముత్యం" అన్నాడు. టికెట్ మీదే, కొండ ఓట్లన్నీ మావి అని మాటివ్వండి, అన్నాడు. బావ మాటిచ్చేశాడు. ఓట్లు ఆయన జేబులో ఉన్నట్టు కండువా సర్దుకుని మరీ ఇచ్చాడు.

కార్లు వెళ్ళాక అక్క గ్లాసులు తీస్తూ అడిగింది. "కొండ ఓట్లు ఇచ్చీసినావు. కొండనడిగినావేటి?"

"నన్ను నమ్మినోలు. నా మాట దాటరు" అన్నాడు బావ.

"ఊరి మొదట్లో ఏటి రాయించినావో ఓసారి సదువుకో" అంది అక్క.

ఆయన చదువుకోలేదు గానీ, కొండ మీద వాళ్ళు మర్చిపోలేదు. సభ పెట్టి పిలిచారు. నేనే బైకు మీద తీసుకెళ్ళాను. కుర్చీ కింద ఇటుకలు తీసేసి ఉన్నాయి. ఎవరూ తిట్టలేదు, కేకలెయ్యలేదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది. రాయి మీద నాలుగే మాటలు చాలన్న ముసలాయన మాట్లాడాడు.

"మా ఓటు మాది అయ్యగారూ. కొండ తవ్వుతామన్నోలు మమ్మల్నడక్కుండా కాగితం రాసుకున్నారు. నువ్వు మమ్మల్నడక్కుండా మాటిచ్చీసినావు. కంపెనీవోడైతే పులిహోరైనా పెట్టినాడు."

నవ్వుదామనుకున్నవాళ్ళు కూడా నవ్వలేదు. బావ తలొంచుకున్నాడు. అధ్యక్ష పదవి వదులుకుంటావా, ఆ మాట వెనక్కి తీసుకుంటావా అని అడిగారు. బావ కండువా తీసి మడతపెట్టి, పదవే వదులుకున్నాడు. ఎమ్మెల్యే అయ్యాక తన విలువ అందరికీ తెలుస్తుందిలే అనుకున్నాడని నాకు దారిలో చెప్పాడు. సభ అక్కడికక్కడే చింతపండావిడని అధ్యక్షురాలిని చేసింది. నాకు ఆమె ముఖం చూస్తే, ఆ కుర్చీ ఎప్పుడో ఒకరోజు తన కిందికి వస్తుందని మొదటి ఆదివారం నుంచీ తెలిసినట్టే అనిపించింది.

పార్టీ పెద్దమనిషి అదే టికెట్ ఇంకో ఇద్దరికి కూడా టీ తాగుతూ ఇచ్చాడని తర్వాత తెలిసింది. చివరికి వాళ్ళెవరికీ రాలేదు. డబ్బున్నవాడికి వచ్చింది. మా బావకి ఫోన్ చేసి, మీ సేవలు పార్టీ మర్చిపోదన్నారు. మర్చిపోయే ముందు చెప్పే మాట అది. ఫ్లెక్సీ వానకు చిరిగి, ఆయన ముఖం సగం టీ కొట్టుకు పైకప్పుగా పనికొచ్చింది. చర్చి వదిలేసింది, సభ తీసేసింది, పార్టీ ఇవ్వలేదు. నడి వయసులో తెల్లచొక్కా వేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. అక్క డ్యూటీ నుంచి వచ్చేసరికి అన్నం వండి పెట్టేవాడు. ఆ వంట ప్రసంగం కంటే బాగుండేది. ఆ సంగతి నేను అంటే నవ్వేవాడు కాదు, అక్క అంటే కూడా నవ్వేవాడు కాదు. రోజంతా మాటే లేదు. అన్నేళ్ళు ఆయన్ని ఆపమని మొక్కుకున్న నాకు, ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైంది.

తర్వాత క్వారీ వాళ్ళు మళ్ళీ వచ్చారు. పాస్టరు లేడనీ, కొత్త అధ్యక్షురాలు చదువుకోలేదనీ ధైర్యం. ఈసారి చికెన్ బిర్యానీ తెచ్చారు. సంగతి తెలిసి బావ తెల్లచొక్కా వేసుకుని పరిగెత్తాడు, వెనకాలే నేను. మేం ఎక్కేసరికి సభ అయిపోయింది. పెద్ద అధికారి కాగితం చదివి సమ్మతమేనా అని అడిగాడట. చింతపండావిడ, "కాదు" అందట. కారణం చెప్పమన్నాడట. "కారణం రాయి మీద ఉన్నాది, వచ్చేటప్పుడు సూడలేదేటి?" అందట. అందరూ ఆమె వైపు చేతులెత్తారట. ఆ తర్వాత అధికారులకు కూడా వడ్డించి పంపారట.

బావ బడి మెట్ల మీద కూర్చుండిపోయాడు. "ఒక్క మాటేనా? ఒక్క మాటతో అయిపోయిందా?" అన్నాడు నాతో. అన్యాయం జరిగినట్టు అన్నాడు. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. అధ్యక్షురాలు బిర్యానీ విస్తరి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తినండి అయ్యగారూ. తినీసి కిందికెల్లిపోకండి. నీల్ల కమిటీలో మనిషి తక్కువున్నాడు."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆలోచించి చెబుతానన్నాడు. విస్తరి ఖాళీ అయ్యేసరికి ఆలోచించడం అయిపోయింది.

పై ఊటనుంచి పైపులు వేసి ఊళ్ళోకి నీళ్ళు దింపే పని అది. మోటారక్కర్లేదు, వాటంగా దిగుతాయి. నేనూ అక్కా పోయిన ఆదివారం వెళ్ళేసరికి సభ జరుగుతోంది. కుళాయి ఎక్కడ పెట్టాలన్నదే తగువు. బడి దగ్గరని బావ. చివరి వీధిలోనని అధ్యక్షురాలు. బావ "ఏలయనగా" అన్నాడు. ఆవిడ, "ఏల లేదు, గీల లేదు, కూకోండి" అంది. ఆయన కూర్చోలేదు. అక్క తెచ్చిన అన్నం చల్లారిపోయింది. ఇద్దరి గొంతులూ బొంగురుపోయాక చేతులెత్తారు. బావ వైపు లేచిన చేతులు తక్కువ. అందులో ఒకటి మా అక్కది, ఆమెకు అక్కడ ఓటు లేదని ఎవరో దింపించారు.

బావ బయటికొచ్చి, వీళ్ళకేటీ తెలీదు, పిల్లలకి నీల్లు బడి దగ్గరే కావాల, రాసిపెట్టుకో బావమరిదీ, ఏడాది తిరక్కుండా నా మాటే నిజమవుతాది, అని నన్ను పట్టుకుని మొదలుపెట్టాడు. అలా తిట్టుకుంటూనే చొక్కా విప్పి కొమ్మకు తగిలించాడు. పార తీసుకున్నాడు. చివరి వీధిలోకి వెళ్ళి, వాళ్ళు గీత గీసిన చోట కాలవ తవ్వడం మొదలుపెట్టాడు.